ఇంట్లో నిప్పు: చేతిలో ఉండేది ఎన్ని నిమిషాలు?

క్లుప్తంగా: ఇంటి అగ్నిప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణాలు పోయేది మంటకు కాదు, పొగకు. నురగ సోఫాలు, ప్లాస్టిక్ సామాను నిండిన గదిలో మంట రాజుకున్నాక బయటపడటానికి నాలుగు నిమిషాలు కూడా దొరకకపోవచ్చు. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు) ఉన్నంత మాత్రాన కరెంటు మంటలు ఆగవు. వదులైన కనెక్షన్‌ను అది గుర్తించలేదు. పొగ అలారం, మూసిన తలుపు, ముందే అనుకున్న దారి ఉంటే ఆ కొద్ది నిమిషాలు సరిపోతాయి.

ఇల్లు తగలబడిందన్న వార్త చివర తరచూ ఒకే వాక్యం కనిపిస్తుంది: షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు. చదివినవారికి రెండు సందేహాలు మిగులుతాయి. ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, అది పడిపోవాలి కదా? మంట ఒక గదిలో మొదలైతే పక్క గదిలోవాళ్లు ఎందుకు బయటికి రాలేకపోయారు? మొదటి ప్రశ్నకు జవాబు వైరింగ్‌లో ఉంది, రెండోదానికి గడియారంలో ఉంది. ముందు గడియారం సంగతే చూడాలి. ఏ జాగ్రత్త ఎంత విలువైనదో తేల్చేది అదే.

## పాత గది, కొత్త గది

అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ ఒకే కొలతల గదులను రెండు రకాల సామానుతో నింపి కాల్చి చూసింది. ఒకదానిలో దూది దిండ్ల సోఫా, గట్టి చెక్క బల్లలు. మరోదానిలో పాలియురెథేన్ నురగ సోఫా, సింథటిక్ బట్టలు, చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన ఫర్నిచర్. రెంటిలోనూ కొవ్వొత్తితోనే నిప్పంటించారు. పాతకాలపు గది నిలువెల్లా మంటల్లో మునగడానికి 29 నిమిషాలు దాటింది. కొత్త గదికి పట్టింది 3 నిమిషాల 40 సెకన్లు.

ఈ తేడాకు మూలం నురగ. పెట్రోలియం నుంచి వచ్చిన ఈ పదార్థం త్వరగా కరిగి, ఆవిరై, దూది కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని వదులుతుంది. ఆ వేడి వాయువులు పైకప్పు కింద పొరగా చేరుతాయి. ఆ పొర దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక దాని సెగకే కింద ఉన్న బల్లలు, తివాచీ, పుస్తకాలు ఒక్కసారిగా అంటుకుంటాయి. దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. అప్పటిదాకా మంట ఒక మూల నుంచి మరో మూలకు పాకుతున్నట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత గది మొత్తం ఒకే మంట. ఫ్లాష్‌ఓవర్ అయిన గదిలో మనిషి బతికే అవకాశం లేదు.

పొగ అంతకంటే ముందే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నురగ, నైలాన్ కాలితే హైడ్రోజన్ సయనైడ్ కూడా కలుస్తుంది. రెండూ కలిసి మనిషిని మొదట తికమకపెడతాయి, ఆ తర్వాత కాళ్లలో సత్తువ తీసేస్తాయి. తలుపు గొళ్లెం దాకా వచ్చి అక్కడే కూలిపోయినవారు ఉండటానికి కారణం ఇదే. కమురు వాసనకు మెలకువ వస్తుందిలే అన్న నమ్మకం కూడా పనికిరాదు, నిద్రలో వాసన పసిగట్టే శక్తి బాగా మందగిస్తుంది.

ఫైరింజన్ ఎంత వేగంగా వచ్చినా మంటను ఎవరో చూడాలి, ఫోన్ చేయాలి, బండి కదలాలి, గొట్టాలు పరచాలి. ఇవన్నీ నాలుగు నిమిషాల్లో ఇమిడేవి కావు. కాబట్టి మొదటి నిమిషాల్లో కాపాడుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

## షార్ట్ సర్క్యూట్: అన్నిటికీ ఒకే పేరు

నిజమైన షార్ట్ సర్క్యూట్‌లో ఫేజు, న్యూట్రల్ తీగలు నేరుగా తగులుకుంటాయి. వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి, మంచి ఎంసీబీ సెకనులో చిన్న వంతులోనే పడిపోతుంది. చాలా ఇళ్లలో ఇంతకంటే ప్రమాదకరమైనది చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. అది వదులైన కనెక్షన్.

లెక్క వేసి చూద్దాం. 230 వోల్టుల మీద నడిచే 2,000 వాట్ల హీటర్ సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. సరిగా బిగించిన స్క్రూ దగ్గర నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతుల్లో ఉంటుంది, అక్కడ పుట్టే వేడి లెక్కలోకి రాదు. స్క్రూ వదులై అదే నిరోధం 0.2 ఓమ్‌కు పెరిగితే 8.7 వర్గం ఇంటూ 0.2, అంటే దాదాపు 15 వాట్ల వేడి ఆ ఒక్క బిందువులోనే పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగించేది ఇంతే శక్తితో. ఎంసీబీకి మాత్రం ఇందులో తప్పేమీ కనిపించదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. నిజానికి కాస్త తగ్గింది.

పైగా ఈ లోపం తనను తానే పెంచుకుంటుంది. వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. వాడినప్పుడల్లా లోహం సాగి, చల్లారినప్పుడల్లా కుంచించుకుపోయి స్క్రూ మరింత వదులవుతుంది. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీల వరకే. అది దాటితే తొడుగు గట్టిపడి, నల్లబడి, చివరికి బొగ్గవుతుంది. బొగ్గులో కరెంటు పారుతుంది, అక్కడ చిన్న చిన్న మెరుపులు (ఆర్క్‌లు) మొదలవుతాయి. మంట అంటుకునే నాటికి ఇదంతా వారాలుగానో నెలలుగానో జరుగుతూ వచ్చి ఉండవచ్చు.

అందుకే గుర్తులు ముందే దొరుకుతాయి. పది నిమిషాలు వాడాక ప్లగ్గు పిన్నులు చేయి పెట్టలేనంత వేడెక్కడం, సాకెట్టు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక, స్విచ్చు దగ్గర కరకరమనే చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన లేదా కుళ్లిన చేప లాంటి వాసన, ఒక వస్తువు ఆన్ చేసినప్పుడల్లా లైట్లు మిణుకుమనడం. వీటిలో ఏది కనిపించినా స్క్రూ బిగించి ఊరుకుంటే చాలదు. వేడెక్కిన సాకెట్టులోని స్ప్రింగు పట్టు పోయి ఉంటుంది, దాన్ని మార్చాలి. తీగ కొస నల్లబడితే మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్తగా బిగించాలి. ఈ పని మెయిన్ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవాలి.

మెయిన్ పెట్టెలో ఉండే పరికరాల పనులు వేరువేరు. ఎంసీబీ కాపాడేది తీగను. దాని రేటింగు తీగ మోయగల కరెంటుకు మించకూడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది పెట్టించడం పాత రోజుల్లో ఫ్యూజుకు లావు తీగ చుట్టిన పనే. అది పడటం మానేస్తుంది, గోడలో తీగ వేడెక్కడం మొదలవుతుంది. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందో లేదో చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే ఆపేస్తుంది. షాకు నుంచి, ఎర్తుకు లీకయ్యే కరెంటు వల్ల పుట్టే మంటల నుంచి అది రక్షణ. వదులైన స్క్రూ దానికీ అందదు. మెరుపుల వల్ల కరెంటు తరంగంలో వచ్చే గరుకుదనాన్ని పట్టే ఆర్క్ ఫాల్ట్ పరికరాలు ఈ లోటును కొంత పూడుస్తాయి. అయితే మెరుపు లేకుండా వేడెక్కే స్క్రూను అవీ పట్టలేకపోవచ్చు. అన్నీ ఉన్న ఇంట్లో కూడా చేత్తో తాకి, ముక్కుతో పసిగట్టే పరీక్ష అవసరమే.

ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు సాకెట్లున్నా దాని త్రాడు ఒక్కటే. 10 ఆంపియర్ల బోర్డు 230 వోల్టుల మీద మొత్తంగా మోయగలిగేది 2,300 వాట్లు, అంటే ఒక హీటరు. బోర్డులో బోర్డు గుచ్చితే మొదటి త్రాడు మీద అందరి భారం పడుతుంది. చుట్టలా ఉన్న త్రాడును విప్పకుండా వాడితే లోపలి చుట్లలో వేడి బయటికి పోదు. హీటరు, ఇస్త్రీ పెట్టె, ఏసీ వంటివి నేరుగా గోడ సాకెట్టుకే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందన్న ఒక్క సూత్రం గుర్తుంటే మిగతావి వేరే చెప్పక్కర్లేదు.

## వంటగదిలో రెండు వేర్వేరు ప్రమాదాలు

చాలా దేశాల్లో ఇంటి మంటలు ఎక్కువగా మొదలయ్యేది పొయ్యి దగ్గరే. కారణం సాధారణంగా ఒక్కటే: మూకుడు పొయ్యి మీద ఉంది, మనిషి పక్క గదిలో ఉన్నాడు. వంటనూనె సుమారు 200 డిగ్రీల దగ్గర పొగలు కక్కుతుంది. 370 డిగ్రీల ప్రాంతంలో నిప్పు తగలకపోయినా తనంతట తానే భగ్గుమంటుంది. కాబట్టి మంట లేని విద్యుత్ పొయ్యి మీద కూడా నూనె అంటుకోగలదు. పొగ కనిపించిందంటే అది చివరి హెచ్చరిక.

అంటుకున్న నూనె మీద నీళ్లు పోస్తే ఏమవుతుంది? నీరు నూనె కంటే బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. అక్కడి వేడికి క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, పైనున్న మండే నూనెను తుంపర్లుగా కప్పు దాకా విసురుతుంది. చేయాల్సింది పొయ్యి ఆపడం, పక్క నుంచి జరుపుతూ మూత పెట్టడం లేదా ఫైర్ బ్లాంకెట్ కప్పడం, ఆ తర్వాత దాన్ని కదపకపోవడం. ఆరిందో లేదోనని ఐదు నిమిషాలకే మూత తీసి చూడటం మామూలు పొరపాటు. నూనె ఇంకా అంటుకునే వేడిలోనే ఉంటుంది, గాలి తగలగానే మళ్లీ రాజుకుంటుంది. కనీసం అరగంట వదిలేయాలి. మండుతున్న మూకుడును బయటికి మోసుకెళ్లాలని చూస్తే నూనె ఒంటి మీదే ఒలుకుతుంది.

గ్యాసు సంగతి వేరు. సిలిండర్‌లోని ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అది నేల వెంబడి పారి మూలల్లో, అల్మారాల కింద నిలుస్తుంది. గాలిలో దాదాపు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. పైపులో వచ్చే సహజవాయువు గాలి కంటే తేలిక, పైకి చేరుతుంది. అది పేలాలంటే 5 శాతం కావాలి. గ్యాసు డిటెక్టరును ఎల్పీజీకి నేలకు దగ్గరగా, సహజవాయువుకు కప్పుకు దగ్గరగా పెట్టాలనడం అందుకే. తారుమారైతే డిటెక్టరు ఉన్నా లేనట్టే.

వాసన వస్తే వాల్వు కట్టేసి, తలుపులు కిటికీలు తీసి, బయటికి వచ్చాకే ఫోన్ చేయాలి. స్విచ్చు వేసినప్పుడే కాదు, తీసినప్పుడు కూడా లోపల రవ్వ పుడుతుంది. కాబట్టి వెలుగుతున్న లైటును ఆపకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయకూడదు. లీకు ఎక్కడో తెలుసుకోవడానికి సబ్బు నీళ్లు చాలు, బుడగలు చోటు చూపిస్తాయి. రబ్బరు గొట్టాన్ని వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. పగుళ్లు లేకపోయినా దాని మీద అచ్చయిన గడువు దాటితే మార్చాల్సిందే.

## నివురుగప్పినవి

కొన్ని మంటలు భగ్గుమనే ముందు గంటల తరబడి లోలోపల కుములుతాయి. సోఫా మడతలో పడ్డ సిగరెట్ ముక్క అలాంటిదే; ఇంట్లోవాళ్లు పడుకున్నాక అది మంటగా మారుతుంది. ఆర్పేసిన ముక్కల మీద నీళ్లు పోసి మరీ పారేయాలి. చెక్కకు పట్టించే లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డల విషయం చాలామందికి తెలియదు. ఆ నూనె ఆరడమంటే ఆక్సిజన్‌తో కలవడమే, ఆ చర్యలో వేడి పుడుతుంది. ఉండచుట్టి పడేసిన గుడ్డలో వేడి బయటికి పోలేక, ఏ నిప్పూ లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. అలాంటి గుడ్డలను విడదీసి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్లు నింపిన మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. గది హీటరుకు, తెరలకు, పరుపుకు మధ్య కనీసం ఒక మీటరు ఎడం ఉండాలి.

## లిథియం బ్యాటరీలు: గడియారాన్ని ఇంకా కుదించినవి

విద్యుత్ సైకిళ్లు, స్కూటర్లు ఇళ్లలోకి వచ్చాక కొత్త రకం మంట తోడైంది. ఒక్కో సెల్‌లో ధన, రుణ పలకలను వేరుచేసేది పలుచని ప్లాస్టిక్ పొర. దెబ్బ తగిలినా, మోతాదుకు మించి ఛార్జయినా, తయారీలోనే లోపమున్నా ఆ పొర తెగి సెల్ లోపలే షార్ట్ అవుతుంది. ఆ వేడికి పక్క సెల్, దాని వేడికి ఆ పక్కది అంటుకుంటాయి. మండే వాయువులు తెల్లని పొగలా చిమ్ముతాయి. అది నీటి ఆవిరి కాదు, అదే పేలుతుంది. పైన చెప్పిన మూడు నాలుగు నిమిషాల లెక్క కూడా ఇక్కడ చెల్లదు, సెకన్లే మిగులుతాయి.

న్యూయార్క్ నగరంలో 2023లో ఇలాంటి మంటల్లో 18 మంది చనిపోయారు. భద్రతా ప్రమాణాల ధ్రువీకరణ లేని విద్యుత్ సైకిళ్లు, బ్యాటరీలు అమ్మకూడదన్న నిబంధన అక్కడ అదే ఏడాది సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్నవి: బండితో వచ్చిన ఛార్జరే వాడటం, ఉబ్బిన లేదా కిందపడి దెబ్బతిన్న బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయకపోవడం, అందరూ నిద్రపోయాక ఛార్జింగ్ పెట్టకపోవడం. వీటన్నిటికంటే ముఖ్యం స్థలం. గుమ్మం దగ్గర, మెట్ల కింద ఛార్జి చేస్తే బయటికి వెళ్లే ఒక్క దారిలోనే మంట ఉంటుంది.

## అలారం, తలుపు: ఒకదానికొకటి అడ్డమా?

పొగ అలారాలు రెండు రకాలు. అయనైజేషన్ రకంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థపు రేణువు గాలిని అయాన్లుగా మారుస్తుంది, పొగ చేరితే ఆ ప్రవాహం తగ్గి మోగుతుంది. భగభగ మండే వాటిని ఇది త్వరగా పడుతుంది. ఫొటోఎలక్ట్రిక్ రకంలో పొగ రేణువుల మీద పడి చెదిరిన వెలుగు సెన్సరును తాకుతుంది. కుమిలే మంటలను, అంటే నిద్రలో ఉన్నప్పుడు వచ్చేవాటిని ముందుగా పట్టేది ఇది. వంట పొగకు అనవసరంగా మోగడం కూడా దీనిలో తక్కువ. ఒక్కటే కొనగలిగితే ఫొటోఎలక్ట్రిక్ మేలు.

ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయట ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. పొయ్యికి 3 మీటర్ల దూరం పాటించాలి. నెలకోసారి బటన్ నొక్కి చూడాలి. వెనక ముద్రించిన తయారీ తేదీ నుంచి 10 ఏళ్లు దాటితే, మోగుతున్నా సరే, మార్చాలి. అలారం ఉండి కూడా మోగని ఇళ్లలో తరచూ కనిపించే కారణం యంత్రలోపం కాదు. పోపు పొగకో మరి దేనికో విసిగి ఎవరో బ్యాటరీ తీసేసి ఉంటారు. దానికి మందు అలారాన్ని పొయ్యికి దూరంగా జరపడం.

తలుపు విలువ 2022 జనవరి 9న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో తెలిసింది. 19 అంతస్తుల భవనంలో ఒక ఫ్లాటులోని విద్యుత్ హీటరు వల్ల మంట పుట్టింది. మంట ఆ ఫ్లాటునూ ముందున్న నడవనూ పెద్దగా దాటలేదు. కానీ తనంతట మూసుకోవాల్సిన ఫ్లాటు తలుపు తెరిచే ఉండిపోయింది, మెట్ల తలుపు కూడా తెరిచి ఉంది. పొగ మెట్ల గుండా పై అంతస్తులకు ఎక్కింది. 17 మంది చనిపోయారు, వారంతా పొగ వల్లనే.

మంట ఉన్న ఇంట్లో తలుపు మూసిన పడకగదికీ తెరిచిన గదికీ తేడా వందల డిగ్రీలు. అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ పరీక్షల్లో మూసిన గది 40 డిగ్రీల లోపు ఉంటే తెరిచినది 500 డిగ్రీలు దాటింది. తలుపు మూసుకుని పడుకుంటే అలారం వినపడదు కదా అన్న సందేహం సబబైనదే. మామూలు అలారం 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ చప్పుడు చేస్తుంది; మూసిన తలుపు దాన్ని బాగా తగ్గిస్తుంది. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపిన అలారాలు గది లోపల కూడా ఉంటే ఈ చిక్కు తీరుతుంది. పిల్లలు, వినికిడి తగ్గిన పెద్దవారు కీచు శబ్దానికి లేవకపోవచ్చు. వారికి 520 హెర్ట్‌జ్ తక్కువ స్థాయి శబ్దం మెరుగ్గా పనిచేస్తుంది.

## ఎత్తైన భవనంలో ఉండాలా, దిగాలా

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటులోని ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట 72 మందిని బలి తీసుకుంది. మంట పుట్టిన ఫ్లాటు కాకపోతే లోపలే ఉండమన్నది అక్కడి సూచన. ప్రతి ఫ్లాటూ విడి పెట్టెలా మంటను ఆపుతుందన్న నమ్మకం మీద అది నిలబడింది. బయటి గోడలకు తొడిగిన పాలిథిలీన్ పొర పలకలు మంటను బయటి నుంచి పైకి పాకించడంతో ఆ నమ్మకమే కూలింది.

కాబట్టి ఒకే జవాబు లేదు. మంట సొంత ఫ్లాటులో ఉంటే వెంటనే దిగాలి, వెనక తలుపు లాగేయాలి. వేరేచోట ఉండి మెట్లలో పొగ లేకుంటే దిగవచ్చు. మెట్లలో పొగ ఉంటే అందులోకి దిగడం లోపల ఉండటం కంటే ప్రమాదం. అప్పుడు తలుపు సందులను తడిగుడ్డలతో మూసి, కిటికీ దగ్గరికి చేరి, ఏ అంతస్తులో ఎవరున్నారో ఫోన్‌లో చెప్పాలి. లిఫ్టు మాత్రం ఎప్పుడూ వద్దు.

## ఆర్పాలా, వెళ్లిపోవాలా

ఇంట్లో ఉండే, మంటలార్పే చిన్న డ్రై పౌడర్ సిలిండర్ దాదాపు 10 సెకన్లే పనిచేస్తుంది. మంట చెత్తబుట్ట కంటే చిన్నదిగా ఉండి, మిగతావారు బయటికి వెళ్లిపోయి, ఫోన్ వెళ్లి, గుమ్మం వెనకే ఉంటేనే ప్రయత్నించాలి. పిన్ను లాగి, ముక్కును మంట మొదలుకు గురిపెట్టి, నొక్కి, అటూ ఇటూ తిప్పాలి. పైన ఎగిసే నాలుకల మీద చల్లితే వృథా. లోతు మూకుడులోని నూనెకు పౌడరు సరిపోదు. దాని వేగానికి నూనె చింది, చల్లబడక మళ్లీ రాజుకోవచ్చు. ఈ పౌడర్ సిలిండరును పొయ్యి పైన కాకుండా వంటగది గుమ్మం దగ్గర తగిలించాలి.

ఒంటికి కాలితే చల్లని కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు, వెన్న పెట్టకూడదు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి.

## గడియారం పెట్టి చూసే పని

ప్రతి గదికీ రెండు దారులు ఉన్నాయా అని ఇల్లంతా తిరిగి చూడాలి. కిటికీ ఊచలు దొంగను ఎంత ఆపుతాయో లోపలివారినీ అంతే ఆపుతాయి. కనీసం ఒక పడకగది ఊచలు లోపలి నుంచి, తాళం లేకుండా, పిల్లవాడు కూడా తీయగలిగేలా ఉండాలి. బయట అందరూ చేరే చోటు ఒకటి, అది చెట్టయినా గేటయినా, ముందే అనుకోవాలి. లేకపోతే అప్పటికే బయటపడినవారి కోసం మరొకరు లోపలికి వెళతారు. చిన్నపిల్లలు భయంతో మంచం కింద, అల్మారాలో దాక్కుంటారు కాబట్టి వారిని ఎవరు తేవాలో, నడవలేని పెద్దవారిని ఎవరు పట్టుకోవాలో పేరు పెట్టి నిర్ణయించాలి.

మూసిన తలుపు తీసేముందు వేలి వెనక భాగంతో తాకాలి, వేడిగా ఉంటే రెండో దారి. పొగలో నేలకు ఆనుకుని పాకాలి, శ్వాసకు పనికొచ్చే గాలి ఉండేది అక్కడే.

ఏడాదికి రెండుసార్లు, ఒకసారి రాత్రిపూట లైట్లు ఆపి, అలారం బటన్ నొక్కి అందరూ గేటు చేరేదాకా సమయం కొలిస్తే ఇంటి అసలు లోపం బయటపడుతుంది. చాలా ఇళ్లలో అది వైరింగ్ కాదు, వీధి తలుపుకు లోపలి నుంచి వేసిన తాళం. చెవి ఏ సంచిలో ఉందో వెతకడానికే ఒక నిమిషం పోతుంది. తలుపుకు ఒక చేతి దూరంలో, బయటి నుంచి అందని మేకుకు ఆ చెవిని తగిలిస్తే ఆ నిమిషం మిగులుతుంది.